ఏ వరుసలోనూ రాయని అత్త

మా అత్త పోయిన సంగతి నాకు అంగన్‌వాడీలో పిల్లలకు అన్నం వడ్డించే వేళ తెలిసింది. ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది.

"వరండాలో ఉన్న ఆయప్ప పొద్దున పోయినాడమ్మా. మీకేమైతాడు?"

"అత్త" అన్నాను.

"అది కాదమ్మా, పోయిన మనిషి మీకేమైతాడని అడుగుతాండా."

"అత్తే" అన్నాను మళ్ళీ. ఆమె సాయంత్రంలోగా వచ్చి తీసుకుపొమ్మని చెప్పి పెట్టేసింది. పిల్లలు పళ్ళేలు ముందు పెట్టుకుని నా మొహంలోకి చూస్తున్నారు. వాళ్ళకు వడ్డించడం పూర్తిచేసి గుత్తి పోవడానికి కదిరి బస్సుకు పరుగెత్తాను.

ఆమె మా నాయనకు చెల్లెలు. పుట్టినప్పుడు మాత్రం అందరూ తమ్ముడనే అనుకున్నారు. ఆడవాళ్ళతో కూర్చుని చెనక్కాయలు వలుస్తుందనీ, దొంగచాటుగా ఓణీ కట్టుకుంటుందనీ మా తాత ఎద్దుల పగ్గంతో కొట్టాడట. పదహారేళ్ళ వయసులో గుత్తికి నడిచిపోయి రైలెక్కింది. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఎక్కడుందో ఇంట్లో ఎవరూ వెతకలేదు.

తిరిగి వచ్చేసరికి నేను ఏడో తరగతి. అవ్వకు పక్షవాతం వచ్చి మంచాన పడింది. వానలు లేక విత్తిన చేను విత్తినట్టే ఎండిపోయింది. అమ్మ కూలికి పోతేనే పూట గడిచేది. కాబట్టి అవ్వను కడగడానికి, గుడ్డలు మార్చడానికి నన్ను బడి మాన్పించారు. నాయన చెడ్డవాడు కాదు. కానీ తల్లి గుడ్డలు పిండడం మగవాడి పని కాదని గట్టిగా నమ్మినవాడు.

ఒక మధ్యాహ్నం ఎర్రచీర కట్టుకున్న ఒక పొడవాటి మనిషి రేకుపెట్టెతో మా వాకిట్లో నిలబడింది. నాయన గుర్తుపట్టి గడపకు అడ్డం నిలిచాడు.

"ఏం మొగం పెట్టుకోని వచ్చినావు?"

"అమ్మకు చేసేదానికి వచ్చినాన్నా. నువ్వే చేస్తాండావంటే చెప్పు, ఇట్నే ఎనక్కి పోతా."

నాయన పక్కకు జరిగాడు.

మూడేళ్ళు ఆమె అవ్వను చంటిబిడ్డలా చూసుకుంది. రోజూ వాకిలి దాటే ముందు కుచ్చిళ్ళు రెండు మూడుసార్లు సరిచేసుకునేది. రోడ్డు మీద బస్సు వస్తే నిలబడి వీపు తిప్పుకునేది. బస్సులోంచి విసిరే మాటలు వీపుకు తగిలితే అంత నొప్పి ఉండదనేది. పొద్దున్నే మైలు దూరంలోని బోరు నుంచి నా బిందె కూడా తనే మోసేది. "నీళ్ళు తెచ్చేదానికి నేనుండా. నువ్వు బడికి పో అమ్మీ" అని తరిమేది. నేను పది పాసయ్యాను. ఈ రోజు నాకున్న ఉద్యోగం ఆమె తలమీద మోసిన నీళ్ళతో వచ్చింది.

మొదట్లో అమ్మ ఆమెను మరిది అనే చెప్పేది. ఏడాది తిరక్కముందే ఒకరోజు బోరు దగ్గర ఎవరో నవ్వితే, "నా ఆడబిడ్డను ఏమన్నా అంటే ఊరుకోను" అంది. మాట పడిపోయిన అవ్వ కూడా చివరి నెలల్లో ఆమెను చూసి "పాపా" అనడం నేర్చుకుంది. ఆ ఒక్క పిలుపుకు మా అత్త రోజంతా వెలిగిపోతూ తిరిగేది.

అవ్వ పోయిన ఏడాది చెరువు పూడిక తీసే కరువు పని పెట్టారు. మగవాళ్ళు తవ్వాలి, ఆడవాళ్ళు తట్టలతో మోయాలి. పేర్లు రాసే మేస్త్రీ మా అత్త దగ్గర ఆగిపోయాడు.

"నిన్ను యాడ రాసేదప్పా?"

"ఆడోళ్ళల్లో రాయి."

ఆడవాళ్ళు గొణిగారు. మగమనిషి బలమున్నామెకు ఆడవాళ్ళ పనెందుకన్నారు. మగవాళ్ళు తమ గుంపులోకి వద్దని నవ్వారు. ఆమె కొంగు దోపి గడ్డపార అందుకుంది. "యాడన్నా రాసుకో. తవ్వమంటే తవ్వుతా, మోయమంటే మోస్తా. నాకు పని కావాల."

మేస్త్రీ ఆమె చిన్నప్పటి మగపేరు రాసి, ఆ పేరుకు పలికితేనే పని అన్నాడు. ఆమె తల తిప్పి ఆడవాళ్ళ వరుసలోకి చూసింది. ఆ వరుసలో నేనున్నాను. అప్పుడే నాకు కదిరి దగ్గర సంబంధం ఖాయమైంది. మా ఊర్లోనే ఉండే పెళ్ళికొడుకు తరపు చుట్టం నా పక్కనే తట్ట పట్టుకుని ఉంది. "ఆమె మా అత్త, ఆడమనిషే, నా జతలో రాయండి" అంటే చాలు. నేను తల వంచుకుని, తట్ట కింద తలమీద పెట్టుకునే చుట్టకుదురు సరిచేసుకున్నాను.

మేస్త్రీ ఆ పేరు మూడుసార్లు పిలిచాడు. ఆమె పలకలేదు. గడ్డపార నేలమీద మెల్లగా పెట్టి వెళ్ళిపోయింది. ఆ వారమే రేకుపెట్టె తీసుకుని గుత్తికి చేరి, తనలాంటి ఇద్దరితో కలిసి ఒక గదిలో ఉంటూ అంగళ్ళ దగ్గర చెయ్యి చాచి బతికింది. పెళ్ళయ్యాక ఒకసారి వెతుక్కుంటూ పోయి కాళ్ళు పట్టుకున్నాను. లేవదీసి టీ తాగించింది. "నువ్వు నోరు తెరిచింటే నీ పెండ్లి నిలిచిపోయిండేది. మంచి పనే చేసినావు" అంది. తిట్టి ఉంటే ఇంత బరువు ఉండేది కాదు.

దగ్గులో రక్తం పడి గుత్తి ఆసుపత్రిలో చేరిందని తెలిసి, చనిపోవడానికి రెండు రోజుల ముందు వెళ్ళాను. ఆడవాళ్ళ వార్డులో పక్కమంచాలవాళ్ళు ఒప్పుకోలేదు. మగవాళ్ళ వార్డులో ఎవడో చీర లాగాడు. చివరకు వరండాలో, నీళ్ళ డ్రమ్ముల పక్కన పడుకోబెట్టారు. ఈసారి నేను నోరు తెరిచాను. డాక్టరును, నర్సును, ఆడవాళ్ళ వార్డులో ఒక్కొక్కరినీ బతిమాలాను. ఎవరూ కదలలేదు.

"ఈడ గాలి బాగుండాది లేమ్మీ" అంది అత్త. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "నన్ను చీరలోనే సాగనంపు. ఇంగేమీ అడగను" అంది. మాటిచ్చాను.

ఆ మాట నిలబెట్టుకోలేకపోయాను. శవాన్ని ఇవ్వాలంటే కాగితం మీద ఆ మగపేరే ఉండాలన్నారు. వేరే దారి లేక దాని కింద సంతకం పెట్టాను. పుట్టింటికి తెచ్చేసరికి నాయన కొత్త తెల్లపంచె పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను తెచ్చిన చీర చూపించాను.

"చీరలో తెస్తే గుంత తవ్వనీమంటాండారు ఊర్లో. నేనేం చేయల్ల చెప్పు" అన్నాడు. నేను ఎంత ఏడ్చినా, అమ్మ ఎంత అరిచినా లాభం లేకపోయింది.

నాయన తన చేతులతోనే స్నానం చేయించాడు. తల్లికి ఏనాడూ చేయని పని అది. బొట్టు తుడిచాడు. పంచె చుట్టే ముందు ఎడమచేతికున్న పచ్చగాజులు తీయబోతే రాలేదు. చెయ్యి ఉబ్బింది. సబ్బు నీళ్ళు పోసి లాగాడు. పగలగొట్టమని ఎవరో ఒక రాయి అందించారు. నాయన రాయి ఎత్తి, చాలాసేపు అట్లాగే పట్టుకున్నాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, గాజులున్న ఆ చేతిని పంచె మడతలోకి తోసి కప్పేశాడు.

మాలో ఆడవాళ్ళు గుంత దాకా పోరు. గుత్తి నుంచి వచ్చిన ఆ ఇద్దరినీ మగవాళ్ళు రానివ్వలేదు. ముగ్గురం బాట మీద నిలబడిపోయాం. ఎండిన చేలమీదుగా పాడె మోసుకుపోతున్నారు. గాలి లేదు, ఎవరూ మాట్లాడడం లేదు. వాళ్ళు అడుగు వేసినప్పుడల్లా ఆ తెల్లపంచె లోపల గాజులు చిన్నగా మోగుతున్నాయి.