ఖాళీ ట్యాంకు కంపు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను మధ్యలో ఆపి ప్రశ్నలు వేసే రకం నేను. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, అప్పటికి ఏం తాగి ఉన్నారు అని అడిగి హాస్టల్లో చాలామంది ఉత్సాహం మీద నీళ్ళు చల్లాను. ఇప్పటికీ నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. నేను చెప్పబోయేది ఒక వాసన గురించి.

నేను కెనడాలోని రెజైనాలో మాస్టర్స్‌లో చేరిన ఏడాది ఊరి నిండా మన స్టూడెంట్సే. బేస్‌మెంట్లలో గదికి నలుగురేసి సర్దుకుంటున్నారు. నాకూ, కరీంనగర్ నుంచి వచ్చిన నా క్లాస్‌మేట్ మౌనికకూ ఎక్కడా చోటు దొరకలేదు. చివరికి మూర్తిగారు జాలిపడ్డారు. ఆయనది కాకినాడ, ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడి రిటైరైన ఇంజనీరు. తన బేస్‌మెంట్ ఖాళీ అయ్యేదాకా పెరట్లో నిలిపి ఉంచిన ట్రావెల్ ట్రైలర్‌లో ఉండమన్నారు. కారు వెనక తగిలించుకుని క్యాంపింగ్‌కి వెళ్ళే చక్రాల ఇల్లు అది.

మూర్తి అంకుల్‌ది మహా చాదస్తం. తాళంచెవి ఇచ్చేముందు ఇద్దరినీ నిలబెట్టి క్లాసు పీకారు. ప్రొపేన్ పొయ్యి వంటకే గానీ చలి కాచుకోవడానికి కాదు. వెలిగించినప్పుడల్లా పైకప్పు వెంట్ తెరిచి ఉంచాలి. గ్యాస్ లీకైతే ఎలా ఉంటుందో తెలియాలని నాబ్ కాస్త తిప్పి వాసన కూడా చూపించారు. మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు మాత్రం వాసనే ఉండదనీ, దాన్ని పసిగట్టేది గోడకున్న అలారం ఒక్కటేననీ చెప్పారు. టాయిలెట్ వాడొద్దన్నారు. దాని కింద ఉండే వేస్ట్ ట్యాంకును చలికాలం రాకముందే కడిగి, ఖాళీ చేసి, మూత బిగించేశారట. అందుకని మా స్నానాలూ అవీ అంకుల్ ఇంట్లోనే.

బుద్ధిమంతుల్లా తలూపాం. ఆ వారంలోనే మౌనిక పప్పుకు ఎండుమిర్చి పోపు పెట్టింది, అలారం కొంపలు మునిగినట్టు అరిచింది. పొగకూ, ఆ విషవాయువుకూ రెంటికీ కలిపి ఒకటే అలారం. పోపు పెట్టిన ప్రతిసారీ అదే గోల. దాంతో మన స్టూడెంట్ల ఇళ్ళలో అందరూ చేసే పనే మేమూ చేశాం. దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి టేపు వేశాం. మంచు మొదలయ్యాక వెంట్‌లోంచి గాలి కోసేస్తుంటే అందులో దిండు కుక్కాం.

ఒక ఆదివారం మధ్యాహ్నం మౌనికకు జ్వరం. ఎలక్ట్రిక్ హీటరు వేడి ఏ మూలకూ చాలడం లేదు. చారు కాచిన పొయ్యి ఆర్పకుండా, రెండో బర్నర్ కూడా వెలిగించాం. కాసేపే కదా అనుకున్నాం. తను పడుకుంది. నాకూ తల దిమ్ముగా ఉంటే ఎదుటి బెంచీ మీద వాలాను.

నన్ను లేపింది కంపు. పొంగిన సెప్టిక్ ట్యాంకు పక్కన నిలబడితే వచ్చే కంపు. లేవబోతే కాళ్ళు మాట వినలేదు. వేస్ట్ ట్యాంకు పగిలింది, ఇక అంకుల్ మమ్మల్ని వెళ్ళగొడతారు అన్న ఒక్క ఆలోచన తప్ప బుర్రలో ఏమీ లేదు. గోడ పట్టుకుని ఎలాగో వెళ్ళి తలుపు తోశాను. మెట్ల మీదే కూలబడి వాంతి చేసుకున్నాను.

అప్పటికే అంకుల్ మంచులో ఇటే వస్తున్నారు. చేతులకు రబ్బరు గ్లవుజులు, భుజం మీద ట్యాంకు ఖాళీ చేసే పైపు. నేను నోరు తెరవకముందే ఆయనే అరిచారు.

“టాయిలెట్ గానీ వాడేశారేంటమ్మా? కంపు మా హాల్లోకొచ్చేస్తంది!”

నా మొహం చూసి పైపు పారేశారు. లోపలికెళ్ళి పొయ్యి ఆర్పి, మౌనికను దుప్పటితో సహా బయటికి ఈడ్చుకొచ్చారు. ఎంత పిలిచినా పలకలేదు. ఆ మంచులో తన తల ఒళ్ళో పెట్టుకుని గొంతు పోయేలా ఏడ్చాను. అంత భయం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. అంబులెన్స్ వాళ్ళు ఆక్సిజన్ పెట్టాక గానీ తను కళ్ళు తెరవలేదు.

ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు హాస్పిటల్లో డాక్టరు. వాసన సంగతి చెబితే, కార్బన్ మోనాక్సైడ్ తలకెక్కినప్పుడు మెదడు లేనివి ఉన్నట్టు చూపిస్తుందన్నారు. ఆ మాట నాకు బాగా నచ్చింది. కానీ కంపు కొట్టేసరికి అంకుల్ ఇంకా ఆ గాలి పీల్చలేదు. ఆయన తలుపులూ కిటికీలూ బిగించుకుని సొంత ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉన్నారు.

మర్నాడు నన్ను పక్కన నిలబెట్టుకుని ట్యాంకు మూత విప్పారు. గడ్డకట్టకుండా ఆయన పోసిన గులాబీ రంగు మందు కాస్త కారింది, అంతే. గ్యాస్ లీకేమోనని సిలిండరు నుంచి పొయ్యిదాకా ప్రతి జాయింటుకూ సబ్బునీళ్ళు పూశారు. ఒక్క బుడగ రాలేదు. అయినా ఆయన చూపించిన గ్యాస్ వాసన నాకు తెలుసు, ఇది అది కాదు. చుట్టుపక్కల ఇళ్ళలో ఎవరికీ ఏ వాసనా రాలేదట.

వినేవాళ్ళు దేవుడే కాపాడాడంటారు. అంకుల్ ఆ సంగతి ఎత్తితే మాట మార్చేస్తారు. నేనైతే వాసన విషయంలో ఏ కారణం దగ్గరా నిలబడలేకపోయాను.

మౌనిక మాత్రం ఒకసారి అడిగింది.

“మరి నాకెందుకు రాలె ఆ వాసన? సావు దాకా పోయింది నేనే గద?”

వేళాకోళానికి అందేమోనని తన మొహం చూశాను. నవ్వడం లేదు. ఇద్దరం పడుకున్నది ఒకే గదిలో, పీల్చింది ఒకే గాలి.