కోత పండుగలో పెద్దమ్మ పలికిన పేరు

దయ్యాలు, మహిమలు అంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. పదో తరగతి తప్పి చదువు మానేసినవాణ్ణే గానీ, నంద్యాల గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదు. పగలంతా మోటార్లు రివైండింగ్ చేస్తాను, సాయంత్రం అక్కడ కూర్చుంటాను. చదివినంతలో ప్రతిదానికీ ఒక కారణం కనిపించింది. దీనికీ కారణం దొరికాక రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. దొరకలేదు.

మా పెద్దమ్మది ఆళ్లగడ్డ. ఒక్కడే కొడుకు, దానియేలు అన్న. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఏం పని అని అడిగితే ఫైళ్లు చూస్తానని చెప్పేవాడు. అది గూఢచార శాఖ అని మాకు టీవీ చెప్పింది. ఏళ్ల తరబడి ఆ శాఖలోనే ఉంటూ మన రహస్యాలు పరాయి దేశానికి చేరవేశాడని, పట్టుబడ్డాడని కూడా అదే టీవీ చెప్పింది.

ఆ రోజే ఆళ్లగడ్డ బస్సెక్కాను. పెద్దమ్మ ఏడవడం లేదు. చేటలో కందిపప్పు వేసుకుని రాళ్లు ఏరుతోంది. అన్నం పెట్టింది, తిన్నాను. రుచి తెలియలేదు. నాకూ ఏడుపు రాలేదు. ఆపేసిన టీవీ ముందు కూర్చుని నేనూ ఆమెతో పాటు రాళ్లు ఏరాను.

కొన్నాళ్లకు ఢిల్లీ నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. పెద్దాయన కోస్తా మనిషి, తెలుగు మాట్లాడాడు.

"నువ్వు సదివినోడివి, పక్కన కూచో నాయనా," అంది పెద్దమ్మ.

కొడుకు ఇంట్లో ఏమైనా చెప్పాడా అన్నది వాళ్ల అనుమానం. ఆయన ఒక్కో పేరే చెప్పి, ఎప్పుడైనా విన్నారా అని అడుగుతున్నాడు. పెద్దమ్మ లేదని తల ఊపుతోంది. ఒక పేరు దగ్గర ఆగింది.

"జెరోం తాంబేనా? ఆయప్ప కోసరం ప్రార్థన చేసినా కదా."

రెండో అధికారి ఫోను తీసి రికార్డింగు పెట్టాడు.

"ఆ పేరు మీకెవరు చెప్పారమ్మా?"

"ఎవురూ చెప్పలేదు సార్. కోత పండుగ దినం చర్చిలో నోటికొచ్చింది."

"అది మీ అబ్బాయికి తప్ప ఇంకెవరికీ చెప్పని పేరు. ఆయన చెప్పకుండా మీకు తెలియదు. మీరు మాతో ఢిల్లీ రావాలి."

పెద్దమ్మకు గుండె జబ్బు. వీధి చివరిదాకా నడిస్తేనే ఆయాసం. ఢిల్లీ తీసుకెళ్తే తిరిగి రాదని నాకు అనిపించింది. ఆమె మాత్రం, "ఎన్ని దినాలు సార్? మందులు పెట్టుకోవల్ల," అంది.

మా చర్చిల్లో కోత పండుగనాడు కొత్త పంట తెచ్చి వేలం వేస్తారు. తర్వాత పెద్దవాళ్లు లేచి ఇతరుల కోసం ప్రార్థిస్తారు. ఎవరి పేరు మనసుకు వస్తే ఆ పేరు పైకి చెబుతారు. అతనెవరని అడగడం మర్యాద కాదు. అన్న పట్టుబడక ముందు, పెద్దమ్మ ఆ పేరు పలికిన పండుగకు నేనూ వెళ్లాను. బయటికి వచ్చాక పెద్దమ్మ పక్కింటి మార్తమ్మ మాత్రం ఊరుకోలేదు.

"ఎవురక్కా ఆ తాంబే? ఈ వయసులో నీకు కొత్త సుట్టమా?"

"నాకేం తెలుసు మే. నోటికొచ్చినాడు, అనేసినా," అంది పెద్దమ్మ. ఆడవాళ్లంతా నవ్వారు.

అది గుర్తొచ్చి, పండుగంతా పాస్టరు గారు ఫోనులో వీడియో తీశారని అధికారికి చెప్పాను. ఆయన్ని పిలిపించారు. వీడియోలో పెద్దమ్మ గొంతు స్పష్టంగా ఉంది.

"తండ్రీ, జెరోం తాంబేకు ఎవురూ లేరు. శత్రువుల చేతికి ఆయప్పను అప్పగించొద్దు. నువ్వే దాచిపెట్టు."

పెద్దాయన రెండుసార్లు విన్నాడు. వీడియో తేదీ చూశాడు. లేచి బయటికి వెళ్లి, కాసేపటికి నన్ను గేటు దగ్గరికి పిలిచాడు.

"ఆ పేరుతో మనిషి లేడు. నేనే పుట్టించాను. జెరోం నా హాస్టల్ రూమ్మేటు, తాంబే మా పాత వాచ్‌మన్. రెండూ కలిపాను. ఈ పండుగ అయిన మూడు వారాలకు."

పేరెందుకు పుట్టించారో నాకు వెంటనే అర్థమైంది. లోపలి దొంగను పట్టడానికి అనుమానమున్న ఒక్కొక్కరికీ ఒక్కో అబద్ధం చెబుతారు. ఏ అబద్ధం సరిహద్దు దాటితే, అది విన్నవాడే దొంగ. పరాయి దేశంలో మనకు రహస్యంగా పనిచేసే మనిషి ఒకడున్నాడని, అతని పేరు జెరోం తాంబే అని అన్నకు చెప్పి ఉంటారు. ఆ పేరును అన్న అమ్మేశాడు. ఇదంతా ఆయనకే వివరించాను.

"ఎక్కడ చదివావు?"

"నంద్యాల గ్రంథాలయంలో సార్." అంతటి సమయంలోనూ నాకు కొంచెం గర్వంగా అనిపించింది.

"మరి ఇది ఏ పుస్తకంలో ఉంది?" అన్నాడు, వీడియో చూపించి.

అప్పటికి పుట్టని పేరును కొడుకు తల్లికి చెప్పే వీలు లేదు. కాబట్టి పెద్దమ్మను తీసుకెళ్లలేదు. పాస్టరు గారి ఫోను మాత్రం పట్టుకెళ్లారు. వాళ్లు జీపు ఎక్కుతుంటే ఆమె గడపలోకి వచ్చింది.

"నా కొడుకు ఆ మనిషిని పట్టిచ్చినాడా సార్?"

ఆయన జీపు తలుపు పట్టుకుని ఆగాడు.

"ఆయప్ప బతికే ఉండాడా?"

"ఆయనకేం కాలేదమ్మా. ఎవరూ ఆయన్ని ముట్టుకోలేరు."

"స్తోత్రం," అని పెద్దమ్మ లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఫోనును పరీక్షకు పంపారని, తేదీలో తేడా లేదని తర్వాత తెలిసింది. కాకతాళీయం అనుకుందామంటే ఆ రెండు పేర్ల కలయిక నేను ఇంకెక్కడా వినలేదు. పెద్దమ్మ ఇప్పటికీ ప్రార్థనలో జైల్లో ఉన్న కొడుకు పేరు చెప్పాక తాంబే పేరు చెబుతుంది.

అలాంటి మనిషి లేడని నేను ఆమెకు చెప్పలేదు. చెబితే, లేనివాడి పేరు తన నోటికి ఎలా వచ్చిందని అడుగుతుంది. అది నాకు తెలియదు.