అజాన్ విరామం

రియాద్‌లో ఆ రాక్ కచేరీకి వెళ్తే నా సీటు వేదిక పక్కన, వైద్య గుడారాన్ని ఆనుకుని పడింది. కుర్రతనంలో నా గది గోడ మీద పోస్టరులో ఉన్న ఆ గాయకుడికి ఇప్పుడు ఎనభై దగ్గరపడింది. పాట మధ్యలో రాత్రి నమాజుకు పిలిచే ఇషా అజాన్ వినిపించగానే, ఇక్కడి ఆనవాయితీ ప్రకారం, సంగీతం ఆపేశారు. ఆయన గుడారంలోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. అప్పటికే నాతో మాట కలిపిన కాకినాడ నర్సు ఆయనకు ఆక్సిజన్ మాస్కు పెట్టింది.

"ఈ వయసులో ఈయన్ని స్టేజీ ఎవరు ఎక్కిస్తున్నారమ్మా?" అన్నాను కోపంగా.

"ఆయనే ఎక్కుతున్నారండి. ఇందాక పొద్దుగూకినప్పటి మగ్రిబ్ అజాన్‌కీ ఇలాగే వచ్చి కూర్చున్నారు."

అజాన్ ముగిసింది. ఆయన మాస్కు తీసి, మళ్ళీ అజాన్ ఎప్పుడని ఇంగ్లీషులో అడిగాడు.

ఆమె నావైపు చూసింది. "ఇవాళ్టికి ఇదే ఆఖరిదండి. ఇక తెల్లారుజామునే."

ఆయనతో మాత్రం, కాసేపట్లోనే అని చెప్పింది. ఆయన తలాడించి, గిటారు తగిలించుకుని మెట్లెక్కాడు.