ముల్లు మాస్టారి రెండో తూకం

మానవజాతి నిప్పు కనిపెట్టిన ఘట్టానికి ఏమాత్రం తీసిపోని ఘట్టమొకటి ఆ బంగారం పరీక్షశాలలో రోజూ పదిన్నరకు జరిగేది. ఎవరో ఒకరు నోరుజారి "టెస్ట్" అనేవారు. త్రాసు ముల్లు చూసే ఉద్యోగం కాబట్టి ముల్లు మాస్టారుగా పిలవబడే ఆయన తన టీ గ్లాసు కింద పెట్టేవారు. ఆ గ్లాసు బల్ల తాకిందంటే ఇక అందరి టీలూ చల్లారవలసిందే.

"టెస్ట్ అంటే ఏమనుకున్నారు? మట్టి మూస! లాటిను వాళ్ళు మట్టికుండని టెస్టమ్ అన్నారు. ఆ మాట చివరికి బంగారం కరిగించి మంచిచెడ్డలు తేల్చే మూసకి పేరైంది. మూసని మరిచిపోయి మాటని మాత్రం ఉంచుకున్నారు జనం. ఇక ఎగ్జామినేషన్ సంగతంటారా, ఎగ్జామెన్ అంటే త్రాసు ముల్లు. అంటే నేను!"

"మరి స్క్రూటినీ?" కొలిమి దగ్గరి మనిషి ఎగదోసేవాడు.

"చెత్తలో గుడ్డపేలికలు కెలికి వెతకడం. అంటే నువ్వు."

ముప్పై ఒక్కేళ్ళు ఇలా గడిచాక, ఒకే నమూనా మాస్టారి చేతిలో పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా తూగడం మొదలైంది. రెండు తూకాలు కలవకపోతే రెండూ కొట్టెయ్యాలన్నది అక్కడి నియమం. మూడోసారి కొట్టేశాక మేనేజరు మర్యాదగానే చెప్పాడు: కంటి డాక్టరు దగ్గర్నుంచి చూపు బాగుందన్న కాగితం తెస్తే త్రాసు, లేకపోతే సీసాలకు చీటీలంటించే బల్ల.

భార్య వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. డాక్టరు గది గుమ్మం పక్కన బెంచీ మీద గంటసేపు కూర్చున్నారు. లోపల ఒకరి తర్వాత ఒకరు అక్షరాలు పైకి చదువుతున్నారు. మాస్టారి వంతు వచ్చింది. గోడమీది అట్టను పైనుంచి కిందిదాకా, ఈగ కాళ్ళంత అక్షరాలతో సహా, గడగడా అప్పజెప్పారు.

"భేష్ బాబాయిగారూ! కాగితం రాసిచ్చేస్తా," అంది డాక్టరమ్మ.

"ఆగమ్మా. రెండో తూకం చూడాలి."

"తూకమేంటండీ?"

"మా దగ్గర ఒక్కసారి చూసినదాన్ని నమ్మరు. ఈసారి కుడి నుంచి ఎడమకి చదువుతా."

"పాసైన మనిషి నోరు మూసుకుని లేవొచ్చుగా!" భార్య పళ్ళు నూరింది. "చీటీల బల్ల మీకంత ముద్దొచ్చిందా?"

నాలుగో వరుసలో తడబడ్డారు. ఐదో వరుసలో గోడ కనిపించింది గాని అక్షరాలు కనిపించలేదు. బెంచీ మీద చెవులు వల్లెవేసిన పాఠాన్ని కళ్ళు తమ ఘనతగా చెప్పుకున్నాయని అందరికంటే ముందు ఆయనకే తెలిసింది.

"కలవలేదమ్మా. మొదటిది కూడా కొట్టెయ్యి," అన్నారు, పరాయివాళ్ళ బంగారం గురించి చెప్పే గొంతుతోనే.

భార్య ఆయన చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ ఆయన కళ్ళజోడు తీసేసి, ఇనప చట్రంలో ఒక్కో అద్దమే మార్చి మార్చి పెట్టింది. ఆరో అద్దానికి కింది వరుస ఎటునుంచి చదివినా ఒకటే అయింది.

"ఈ జోడు ఎప్పుడు కొన్నారు బాబాయిగారూ?"

మాస్టారు చాలా గంభీరంగా ఆలోచనలో పడ్డారు. భార్యే చెప్పింది.

"పదకొండేళ్ళయిందమ్మా."