ఆదెయ్య కీ వాచీ

మా ఊళ్ళో ఆదెయ్యను తెలియనివాళ్ళు లేరు గానీ, తెలిసినవాళ్ళలో సగం మందికి ఆయన ముఖం కంటే ముందు ఆయన వాచీ గుర్తుకొస్తుంది. చంద్రశేఖరపురం మండలంలో వెలిగొండ కింద ఉన్న పల్లె మాది. నా పేరు ఆదినారాయణ, నాది చిల్లర దుకాణం, ఊరంతా శెట్టి అంటారు. ఆదెయ్య గొర్రెల కాపరి. కులాలు వేరైనా చిన్నప్పటి నుంచీ నన్ను బావా అనేవాడు. ఆ వరసనే ఆయన ఒక్కగానొక్క కూతురు శివపార్వతి నన్ను మామా అంటుంది.

ఆ వాచీ ఆయన పెళ్ళికి మామగారు పెట్టింది. ఆ రోజుల్లో అల్లుడికి సైకిలు, రేడియో, వాచీ పెడితే పెద్ద మర్యాద. సైకిలు తుప్పుపట్టి పాత సామాన్లవాడి బండెక్కింది. రేడియోలో ఎలుకలు కాపురం పెట్టాయి. పెట్టిన మామగారూ పోయాడు, పెళ్ళిపీటల మీద పక్కన కూర్చున్న భార్యా పోయింది. వాచీ ఒక్కటే మిగిలింది. అద్దం నిండా గీతలు, పొదిలిలో కుట్టించుకున్న తోలు పట్టీ. దానికి బ్యాటరీ ఉండదు, రోజూ పొద్దున కీ ఇవ్వాలి. ఇస్తే ఒక పగలూ ఒక రాత్రీ నడిచి, ఇంకాస్త మొండికేసి మర్నాడు పొద్దుగూకే దాకా లాగుతుంది. ఇవ్వకపోతే ఆగిపోతుంది.

ఆదెయ్య బడి ముఖం చూడలేదు. అంకెలు రావు. ముళ్ళు ఎటు వాలాయో చూసి పని చేసుకునేవాడు. చిన్న ముల్లు ఇట్ల కిందికి దిగితే మంద మళ్ళేసుకోవాల అనేవాడు. నేను ఊరుకుంటానా, నెత్తిన సూర్యుడున్నాడు గదయ్యా, గొర్రెలు కాసేవాడికి వాచీ ఎందుకని ఒకరోజు దుకాణంలో అందరి ముందూ ఆటపట్టించాను. ఆయన నవ్వలేదు.

"పొద్దు అందరిదీ బావా. ఇది నాది."

ఆ తర్వాత నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

తెల్లారగానే ముఖం కడుక్కుని, వాచీకి కీ ఇచ్చేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టేవాడు కాదు. శివపార్వతి చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ పని ఆమెదే. తండ్రి చెయ్యి చాపితే, వాచీ చేతికుండగానే రెండు వేళ్ళతో కీ తిప్పేది. బిగుసుకునేదాకా తిప్పు, ఆ పైన ఒక్క చుట్టు కూడా ఒద్దు అని రోజూ అదే మాట చెప్పేవాడు. ఆమె పెళ్ళి చేసుకుని మార్కాపురం వెళ్ళిన మర్నాడు నా దుకాణం ముందు అరుగు మీద కూర్చుని, తన వేళ్ళు మొద్దుబారాయని, ఆ బుల్లి కీ చేతికి దొరకడం లేదని కాసేపు విసుక్కున్నాడు. కీ దొరక్క విసుక్కునే మనిషి కాదని నాకు తెలుసు.

పోయిన ఎండాకాలం ఆ అరుగు దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయాడు. శివపార్వతి పరుగున వచ్చి మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయింది. గుండె బలహీనంగా ఉంది, ఒంటరిగా వదలొద్దని డాక్టరు చెప్పాడట. మంద అమ్మేసి తన దగ్గరికి రమ్మని ఆమె పట్టుబట్టింది. ఆదెయ్య కాదనలేదు, ఔననలేదు. అన్నం మానేశాడు. ఆమె అక్కడే ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం చేస్తుంది. పొద్దస్తమానం జబ్బు మనుషుల్ని చూసే పిల్ల, తండ్రి గుట్టల్లో ఒక్కడే పడి ఉంటాడన్న ఊహకే వణికిపోయేది. దాన్ని తప్పు పట్టేవాళ్ళ నోరు నేను మూయిస్తాను. తల్లి లేని పిల్లకు తండ్రి మీద బెంగ ఉండకూడదా?

చివరికి ఇద్దరి మధ్యా రాజీ కుదిరింది. ఆమె ఒక స్మార్ట్ వాచీ కొనుక్కొచ్చింది. అది చేతికి పెట్టుకుని ఉంటే మంద ఉంచుకోవచ్చు, గుట్టలకు పోవచ్చు. తీసేస్తే మాత్రం మంద అమ్మేయాలి. నా దుకాణంలో కూర్చుని అంతా విడమరిచి చెప్పింది. అందులోనే సిమ్ముంది, ఆయన ఎక్కడున్నాడో తన ఫోన్లో చుక్కలాగా కనపడుతుంది. ఎంత నడిచాడో కూడా తెలుస్తుంది. మనిషి కింద పడితే దానంతట అదే తనకు కబురు పెడుతుంది. ఆదెయ్య అంతా విని, పాత వాచీ ఎడమచేతికే ఉంచుకుని కుడిచెయ్యి చాపాడు.

ఆ నల్లటి బిళ్ళను చూస్తే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంటే. చీకటి పడ్డాక కాస్త కూర్చుంటే చాలు, లేచి నడవమని చేతిమీద జరజరా గుర్రుమనేది. తెల్లారినప్పటి నుంచీ గొర్రెల వెంట తిరిగి కాళ్ళు చాపుకున్న మనిషికి అది చెప్పే బుద్ధి! పైగా చర్మం ఒరుసుకుపోయి దురద. కుడిచేత్తో కర్ర పట్టినా, కొమ్మ నరికినా దానికి తగిలేది. ఆదెయ్యకు కూతురింకా పాపే, పాపకిచ్చిన మాట అంటూ భరించాడు. వారానికోసారి నా దుకాణంలో ఛార్జింగు పెట్టి, అది నిండేదాకా అరుగు మీద కాపలా కూర్చునేవాడు.

వానలు వెనకబట్టి చలి మొదలవుతుండగా, బిళ్ళకు నిండా ఛార్జింగు పెట్టుకుని, వారం రోజులకని మందను గుట్టల్లోకి తోలుకుపోయాడు. ఏటా పోయేదే. అక్కడ వాగు పక్కన ముళ్ళకంప దడి ఉంది, రాత్రి మంద అందులో, మనిషీ ఆయన కుక్కా బయట. కీప్యాడ్ ఫోను ఉంది గానీ ఛార్జి అయిపోతుందని ఆపేసి అన్నం సంచిలో పడేస్తాడు. అందుకని శివపార్వతి రోజూ పొద్దున నాకే ఫోను చేసేది. ఫోన్లో చుక్క చూసి నాకు చెప్పేది. నాయన దడి దగ్గర్నుంచి కదిలినాడు, వాగుకు పోయినాడు, సందేళకు మళ్ళీ దడికి వచ్చినాడు అని. ఆమె గొంతులో నిశ్చింత చాలా రోజుల తర్వాత విన్నాను. ఒకరోజు పొద్దున ఇంకా సంతోషంగా చేసింది.

"నాయన నిన్న బాగా నడిచినాడు మామా. ఒంట్లో బాగుండబట్టే గదా."

బాగుండబట్టేనమ్మా అన్నాను. ఆ మాట మర్నాటి దాకా నాకు గుర్తులేదు, ఆ తర్వాత మాత్రం ఒక్కరోజూ మర్చిపోలేదు.

మర్నాడు పొద్దెక్కాక మళ్ళీ ఫోను. నాయన ఊళ్ళోకొచ్చినాడు, నీ దుకాణం ముందరే ఉన్నాడు, ఒకసారి ఫోనియ్యి మామా అని నవ్వుతూ అంది. బయటికి చూస్తే నిజంగానే మంద వస్తోంది. వీధి నిండా గొర్రెలు, దుమ్ము. ముందర కర్రోడు, అంటే మందను నడిపించే నల్ల పొట్టేలు. పిల్లగా ఉన్నప్పటి నుంచీ ఆదెయ్య తన చేత్తో మేపి, దారులు నేర్పి, మెడకు గంట కట్టినవాడు. మంద మొత్తం నా ముందు నుంచి పోయింది. వెనక మనిషి లేడు. కుక్క కూడా లేదు.

ఫోను చెవి దగ్గరే ఉంది. శివపార్వతి నాయనా, నాయనా అని పిలుస్తోంది. నేను అరుగు దిగి, మంద ముందరికి ఉరికి కర్రోడి మెడ పట్టుకున్నాను. గంట పక్కనే, ఉన్నిలో కూరుకుపోయి, ఆ నల్ల బిళ్ళ ఉంది.

"అమ్మా," అన్నాను, "వాచీ వచ్చింది. మీ నాయన రాలేదు."

అంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు.

ఊళ్ళో మరో కాపరి పోలయ్య. ఆదెయ్యకు తమ్ముడి వరస. కబురు వినగానే నెత్తిన చేతులు పెట్టుకుని వీధిలోనే కూలబడ్డాడు. ఆ బిళ్ళ కర్రోడి మెడకు కట్టిన సంగతి అతనికి తెలుసట. గుట్టలకు పోయేముందు ఆదెయ్యే చెప్పాడట.

"మంద యాడుంటే నేనాడుంటా, మందను ఇడిసి నేనెప్పుడన్నా పోయినానా అన్నాడు శెట్టీ. పాపకు కావల్సింది నేను యాడున్నానో తెలియడమే గదా అన్నాడు. నాకూ నిజమేననిపించింది."

నాకు కోపం ముంచుకొచ్చింది గానీ ఎవరి మీద చూపించను? మా పక్క కాపరి ఏడీ అంటే ఎవరైనా ముందు మంద ఎక్కడుందో చూస్తారు. పుట్టినప్పటి నుంచీ అదే లెక్క. ఆదెయ్య కూతుర్ని మోసం చెయ్యలేదు. తనకు తెలిసిన నిజం పొట్టేలు మెడకు కట్టాడు. మనిషి పడిపోతాడని, తను లేకపోయినా కర్రోడు మందను పొద్దున్నే వాగుకు తీసుకుపోయి సందేళకు దడికి తెస్తాడని, ఆ తిరుగుడంతా కూతురి ఫోన్లో తండ్రి నడకలాగా కనపడుతుందని ఎవరనుకున్నారు? పొట్టేలుకు అంత బాగా నేర్పింది ఆయనే.

పదిమందిమి గుట్టల్లోకి పోయాం. దడి దగ్గర పొయ్యి చల్లారి ఉంది. కుండలో అన్నం బూజుపట్టి ఉంది. సంచి చెట్టుకొమ్మకు వేలాడుతోంది, ఫోను అందులోనే. పోలయ్య అన్నం వైపు ఒకసారి చూసి ముఖం తిప్పుకున్నాడు. కుక్క రాలేదంటే ఆయనున్న చోటే ఉంటుందని చెప్పి పేరు పెట్టి పిలిచాడు. వాగుకు పైన, బండల కింద నుంచి అది మొరిగింది.

ఆదెయ్య బండ మీది నుంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. చేతికందే దూరంలో నీటి చెలమ ఉంది. చుట్టూ ఇసుక చేత్తో గోకిన గుర్తులు. అరిచే ఉంటాడు. వినడానికి గొర్రెలు తప్ప ఎవరున్నారు? ఒళ్ళు కొయ్యబారి ఉంది. రాత్రి చలికి పోయినాడని పోలయ్య అన్నాడు. నిన్న మొన్న కాదు, అంతకు ముందే పడినాడని కూడా అన్నాడు. ఊరికి తెచ్చేసరికి శివపార్వతి మార్కాపురం నుంచి వచ్చి ఇంటి ముందు నిలబడి ఉంది.

ఆమె ఏడవలేదు. తండ్రి పక్కన కూర్చుని ఎడమచెయ్యి తీసుకుంది. మణికట్టు దగ్గర చెవి పెట్టింది. నాడి చూస్తోందనుకుని ఎవరో ఆడమనిషి ఇంకేముంది తల్లీ అని భోరుమంది. శివపార్వతి తలెత్తి నన్ను పిలిచింది.

"నడస్తా ఉంది మామా."

ఆ వాచీ సంగతి ఆ ఇంట్లో ఆమెకూ, బయట నాకూ తెలిసినంత ఎవరికీ తెలియదు. ముందురోజు పొద్దున ఎవరో కీ ఇవ్వకపోతే అది ఆ వేళకు నడవదు. తుంటి విరిగి, ఆకలితో, చలితో, ఆ బండల మధ్య పడి ఉండి కూడా తెల్లారగానే ముఖం మీద ఇన్ని నీళ్ళు చల్లుకుని ఆయన వాచీకి కీ ఇచ్చాడు. అంతకు ముందు రోజూ ఇచ్చాడు. ఎవరో ఒకరు వస్తారని చూశాడు.

"నిన్న పొద్దున బతికే ఉన్నాడు," అంది ఆమె. "నిన్న పొద్దున నేను నీకు ఫోను చేసినా. బాగా నడిచినాడని చెప్పినా."

నీ తప్పేముందమ్మా అనబోయాను. ఆ మాట ఎంత ఉత్తదో నోట్లోకొచ్చాక తెలిసింది. ఆ నల్ల బిళ్ళ నా జేబులోనే ఉంది. అప్పుడు కూడా లేచి నడవమని గుర్రుమంటోంది. దానికి కర్రోడైనా ఒకటే, ఆదెయ్యైనా ఒకటే, నా జేబైనా ఒకటే. దాన్ని దొడ్లో పాడుబడ్డ బావిలో విసిరేసి వచ్చాను. పాతకాలం మనిషినని నన్నెవరైనా ఎగతాళి చేస్తే చెయ్యనీ.

పొద్దుగూకక ముందే పూడ్చాలన్నారు పెద్దవాళ్ళు. గుంట దగ్గర ఎవరో వాచీ విప్పబోయారు, కూతురికి జ్ఞాపకంగా ఉంటుందని. శివపార్వతి వద్దంది. కిందికి వంగి, తండ్రి చేతికి ఉండగానే, చిన్నప్పటిలాగే రెండు వేళ్ళతో కీ తిప్పింది. బిగుసుకునేదాకా తిప్పింది. ఆ పైన ఒక్క చుట్టు కూడా తిప్పలేదు. చెయ్యి గుండెల మీద పెట్టి లేచింది. మన్ను వేశారు.

మూడోనాడు పొద్దున పాలు పొయ్యడానికి వెళ్ళాం. అప్పటిదాకా ఆ పిల్ల కంట్లో తడి లేదు. తిన్నదో లేదో తెలియదు, గోడకానుకుని కూర్చునే ఉంది. సమాధి మీద మన్ను ఇంకా పచ్చిగానే ఉంది. పాలచెంబు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. పోలయ్య పొయ్యి తల్లీ అని రెండుసార్లు చెప్పాడు. ఆమె మన్ను వైపే చూస్తూ మెల్లగా అంది.

"ఈపాటికి ఆగిపోయింటాది మామా."

అప్పుడు ఏడ్చింది.