కొసరు మలుపు

మా నాన్న గోదావరిఖనిలో బట్టల దుకాణం నడిపాడు. ఇప్పుడు నేను నడుపుతున్నాను. మా గిరాకీ అంతా గనుల్లో పనిచేసేవాళ్ళూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళూ. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, అయినా కనురెప్పల అంచున కాటుకలా నలుపు మిగిలిపోయిన మొహాలతో వచ్చి బేరమాడేవాళ్ళ మధ్య పెరిగాను. బేరం తెగాక కొసరు అడగడం వాళ్ళ హక్కు. ఇవ్వలేనట్టు మొహం పెట్టి, చివరికి ఒక జాకెట్టు ముక్కో, చేతిరుమాలో సంచిలో పడెయ్యడం మా పని.

అలా పెరిగినవాడికి కొసరు లేకుండా ఏదీ పూర్తయినట్టు అనిపించదు. దవాఖానలో పన్ను పీకించుకుని, పక్క పన్ను కూడా ఓసారి చూడమని డాక్టరును అడిగినవాణ్ణి నేను. ఇలాంటివి దుకాణంలో కూర్చుని నవ్వుతూ చెప్పుకుంటాను. ఒక్కటి మాత్రం రెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

మా అక్క భర్త దుబాయిలో ఉంటాడు. వాళ్ళ నాన్న భూగర్భ గనిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ ఉద్యోగం కొడుక్కి రాలేదు. బావ కొన్నాళ్ళు ఇక్కడే బొగ్గు లారీ నడిపి, తర్వాత అటు వెళ్ళాడు. అక్కడ పెద్ద బండ్ల లైసెన్సు నాలుగోసారికి గాని రాలేదు. అది వచ్చాక స్కూలు బస్సు ఇచ్చారు. ఆ బస్సంటే ఆయనకు ప్రాణం. ఏ స్టాపులో ఏ పిల్ల ఎక్కుతుందో, ఎవరికి బస్సులో కడుపులో తిప్పుతుందో ఫోన్లో చెప్పేవాడు. "పిల్లల బండి ఇది. డ్రైవరు మీద ఒక్క కేసు ఉన్నా దింపుతరు" అని కూడా చెప్పేవాడు. ఈ సంగతి నాకు తెలియదని చెప్పుకునే వీలు లేదు.

రెండేళ్ళ కింద చలికాలంలో పది రోజులు ఉండి వద్దామని బావ దగ్గరికి వెళ్ళాను. బావను చూడాలని వెళ్తున్నట్టు అక్కతో చెప్పాను. నిజానికి కారు కోసం వెళ్ళాను. మా ఊళ్ళో ఏ రంగు కారు కొన్నా వారానికల్లా బొగ్గు దుమ్ముతో ఒకటే రంగు. ముందు టిప్పరు, వెనక టిప్పరు, మధ్యలో గతుకులు. గిరాకీ లేని వేళల్లో ఫోన్లో పరాయి దేశాల కొండ రోడ్ల మీద పరుగెత్తే కార్లను చూసి చూసి, ఒక్కసారి అలాంటిది నడపాలన్న పిచ్చి పట్టుకుంది. అక్కడ చెల్లే డ్రైవింగు పర్మిట్ తీసుకుని రమ్మని బావ రెండుసార్లు చెప్పాడు. దాని కోసం పెద్దపల్లి వెళ్ళాలంటే ఒక పూట దుకాణం మూయాలి. వెళ్ళలేదు.

కార్లు అద్దెకిచ్చే దుకాణం ఒక కేరళ ఆయనది. పసుపు రంగు కారు, రెండే తలుపులు, కూర్చుంటే నేల మీద కూర్చున్నట్టే ఉంది. నేను రేటు తగ్గించమన్నాను. ఆయన తగ్గించలేదు. మా పద్ధతి ప్రకారం వెళ్ళిపోతున్నట్టు లేచి బయటికి నడిచాను. వెనక్కి పిలుస్తాడని కాసేపు ఎండలో నిలబడ్డాను. పిలవలేదు. నేనే మళ్ళీ లోపలికొచ్చాను.

"సేటు, ఇది మన దుకాణం కాదు" అన్నాడు బావ. నన్నాయన అలాగే పిలుస్తాడు.

ఆఖరికి రేటు కాస్త దిగింది. కొసరుగా రెండు మంచినీళ్ళ సీసాలు కూడా సంపాదించాను. కాగితాల మీద బావ పేరు ఒక్కటే రాశారు.

బయట బావ తాళంచెవి చేతిలో పట్టుకుని చెప్పాడు. "బండి నా పేరు మీద ఉన్నది. నువ్వు పక్కకు కూసో, ఎంతసేపైనా తిప్పుత. స్టీరింగు మాత్రం ముట్టద్దు."

"ముట్టను బావ" అన్నాను.

మూడు గంటల ప్రయాణం తర్వాత కొండ మొదలైంది. చెట్టన్నది లేదు. గోధుమరంగు రాయి, దాని మీద నల్లగా నున్నగా రోడ్డు. బావ ఆ కారును స్కూలు బస్సులా నడిపాడు. ప్రతి మలుపుకీ ముందే వేగం తగ్గించి, ఖాళీ రోడ్డు మీద కూడా ఇండికేటరు వేసి. నాలుగువందల గుర్రాల బలం అని చెప్పి ఇచ్చిన బండిని మేకపిల్లలా తోలుతున్నాడని నాకు లోపల మండిపోతోంది. పైకి చేరి, చల్లగాలిలో టీ తాగి, దిగేముందు మొదలుపెట్టాను.

"ఐదు మలుపులు బావ. అంతే."

"ఒద్దంటి గద."

"ఇంత దూరమొచ్చి పక్కసీట్ల కూసొని పోవాల్నా? ఊళ్ళె ఏం చెప్పుకోవాలె?"

"నడిపిన్నని చెప్పుకో. ఎవడు చూడొస్తడు?"

"నాలుగు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వుతో బేరంలోకి దిగిపోయాడని నాకు అర్థమైంది. ఒకటన్నాడు. మూడు దగ్గర తెగింది. మూడో మలుపు తర్వాత బండి పక్కకు ఆపి సీటు మారాలని ఒప్పందం.

మూడు మలుపులూ బాగా తిప్పాను. ఇంజను వీపులోంచి మోగుతోంది. ఆపాల్సిన చోటు కనిపించింది, పక్కనే వెడల్పుగా జాగా కూడా ఉంది. ఆపలేదు. "కొసరు బావ" అన్నాను, మా దుకాణానికొచ్చే ఆడవాళ్ళ గొంతుతో. బావకు నవ్వు వచ్చేలోపే నాలుగో మలుపు వచ్చింది. అక్కడ స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. కుడివైపు బండి ఎంతవరకూ ఉందో నా కంటికి అందలేదు. వెనక చక్రాలు జారాయి. కుడి పక్క మొత్తం రెయిలింగుకు రాసుకుంటూ పోయి ఆగాం. బావ కూర్చున్న పక్క.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. అటు తలుపు తెరుచుకోక బావ నా సీటు మీదుగా బయటికొచ్చాడు. రెయిలింగు కింద లోయ చూశాడు. నన్ను తిట్టలేదు. వెనక వచ్చేవాళ్ళకు ఆగమని చెయ్యి ఊపుతూ మలుపు దగ్గర నిలబడ్డాడు.

ఆ దేశంలో బండికి సొట్ట పడితే పోలీసు కాగితం లేకుండా ఎవరూ బాగుచెయ్యరట. బావే ఫోన్ చేశాడు. వచ్చిన పోలీసు మర్యాదస్థుడు. ముందు దెబ్బలేమైనా తగిలాయా అని అడిగాడు. తర్వాత హిందీలో, బండి ఎవరు నడిపారని అడిగాడు.

మా నాన్న నాకు నేర్పిన విద్య ఒకటుంది. ధర చెప్పాక గిరాకీ మొహం చూడకూడదు. విప్పిన చీరను మెల్లగా మడత పెడుతూ ఉండాలి. దుకాణంలో నిశ్శబ్దాన్ని తట్టుకోలేక అవతలివాళ్ళే నోరు తెరుస్తారు. ఆ కొండ మీద నేను నా బూట్లు చూస్తూ నిలబడ్డాను. భయంతో నోట మాట రాలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. మాట వచ్చేది. బావ ఏం అంటాడో నాకు తెలుసు. ఆయన అనేదాకా ఆగాను.

"నేనే" అన్నాడు బావ.

తిరిగొచ్చేటప్పుడు నేను, "ఎందుకన్నవు బావ?" అని అడిగాను. అలా అడగడానికి కూడా సిగ్గులేదు నాకు.

"నీకు ఈడ చెల్లే లైసెన్సు లేదు. లోపలేస్తరు. అక్కకు ఏం చెప్పాలె నేను?" అన్నాడు. తర్వాత అద్దంలోకి చూస్తూ, "బస్సుది చూద్దాం" అన్నాడు.

నేను ఊరికొచ్చిన మూడో వారం అక్క దుకాణానికొచ్చింది. బావను స్కూలు బస్సు మీంచి దింపారట. ఎక్కడో బిల్డింగులు కట్టే చోట్లకు నీళ్ళ ట్యాంకరు తోలుతున్నాడట, ఎండలో, ఇసుకలో.

"ఏదో కొండ మీద రాసుకున్నదట. గంత మెల్లగ నడిపే మనిషి, ఏందో ఖర్మ. నువ్వు గూడ ఉంటివి గద తమ్మి, ఎట్లైంది?"

"మలుపు ఇరుకుండె అక్క" అన్నాను.

ఆ రాత్రి కాదు, మర్నాడు మధ్యాహ్నం బావకు ఫోన్ చేశాను. బావ వాళ్ళ ఆఫీసుకు నిజం రాసి పంపుతానన్నాను.

"ఇప్పుడు రాస్తే పోలీసోళ్ళకు అబద్ధం చెప్పినోడు ఎవడైతడు సేటు? నేనే గద. ఊకో ఇగ."

బేరం తప్పితే మర్నాడు మళ్ళీ వెళ్ళి సరిచేసుకోవచ్చని నమ్మి బతికినవాణ్ణి నేను. దీనికి మర్నాడు లేదు.

పోయిన నెల బావ సెలవు మీద వచ్చి వెళ్ళాడు. మొహం నల్లబడింది. స్కూలు పిల్లల ముచ్చట ఒక్కటీ ఎత్తలేదు. నేనూ అడగలేదు. వెళ్ళే రోజు పెద్దపల్లి స్టేషనులో దింపడానికి నా కారు తీశాను. అక్క వెనక కూర్చుంది. నేను తాళంచెవి బావ ముందు పెట్టాను.

"నువ్వే నడుపు బావ."

"ఒద్దు సేటు. సెలవుల గూడ డ్యూటీ ఏంది? నువ్వే నడుపు. జర మెల్లగ."

మెల్లగానే నడిపాను. టిప్పర్ల వెనక, సైకిల్ వేగంతో. ఎవరినీ దాటలేదు.

"మా తమ్ముడు మంచిగ నడుపుతడు గద" అంది అక్క వెనక నుంచి.

"ఊ" అన్నాడు బావ. ఆయన ఎడమ చెయ్యి తలుపు పైనున్న పట్టీని పట్టుకుని ఉంది. పట్టుకున్న సంగతి ఆయనకు తెలిసినట్టు లేదు. రోడ్డు తిన్నగా ఉన్నచోట కూడా వదల్లేదు. చిన్న వంపు వచ్చినా వేళ్ళు బిగుసుకుని తెల్లబడుతున్నాయి. స్టేషను ముందు బండి ఆపి ఇంజను కట్టేసేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.