గంగులయ్య మోచేయి

పుంగనూరులో దామోదర్ సారును ఎరగనివాళ్లు లేరు. గంగవరం పక్క కూలికి పోయిన పాపయ్య కొడుకు, ఆ ఇంట్లో మొదటి నెల జీతం అందుకున్నవాడు, ఇరవై రెండేళ్లుగా ఆటల మేష్టరు. ఊరు ఊరంతా క్రికెట్టు క్రికెట్టని కొట్టుకుంటుంటే ఈయన ఆడపిల్లలకు బేస్‌బాల్ నేర్పుతానని భీష్మించుకున్నాడు. నవ్వినవాళ్లు నవ్వారు. తర్వాత ఆ నవ్వినవాళ్ల కూతుళ్లే బేస్‌బాల్ సర్టిఫికెట్లు చూపించి సీట్లు తెచ్చుకున్నారు, అది వేరే సంగతి.

అంతటి మనిషికి ఒకే ఒక్క భయం. ఏ పిల్లయినా ఉన్నట్టుండి బాగా కొట్టడం మొదలుపెడుతుందేమోనని. బ్యాటు ఠంగుమన్నప్పుడల్లా గ్రౌండు గోడవైపు చూస్తాడు. అక్కడ ఒకప్పటి శిష్యురాలి మేనత్త పాపక్క పసుపుచీరలో నిలబడి ఉన్నట్టే ఉంటుంది. ఈ ఏడాది మరీ ఎక్కువైంది.

ఇప్పుడు కొడుతున్నది జాహ్నవి. సోమల పిల్ల, డిగ్రీ అయిపోయింది. రెండేళ్లుగా పది బంతులు వేస్తే ఒకటి తగలడమే గగనం. అలాంటిది పది రోజులుగా ఏది వేసినా బ్యాటుకే తగులుతోంది! సోమవారం కుప్పంలో రాష్ట్ర జట్టుకు ఎంపిక. సరిగ్గా అదే సోమవారం ఆమె పలమనేరు దగ్గరి పాల కంపెనీలో ఉద్యోగానికి చేరాలి. ఆ రోజు పోకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. తల్లి మునిలక్ష్మమ్మ నేరుగా గ్రౌండుకే వచ్చి నిలదీసింది.

"ఏం సారూ, ఉద్యోగం వొద్దు, కుప్పం పోతానంటాండాది నా కూతురు. ఈ ఆట నిలిచేదేనా, మూణ్ణాళ్ల ముచ్చటా? మీరొక మాట చెప్పండి. మీరెట్లంటే అట్లే."

దామోదర్‌కు ఈ ప్రశ్న కొత్త కాదు. పదకొండేళ్ల కిందట ఇదే గ్రౌండులో ఇదే ప్రశ్న ఇంకొక తల్లి అడిగింది. అప్పుడాయన, "పంపించమ్మా, నేనుండాను గదా" అన్నాడు.

ఆ తల్లి కూతురు రేవతి. రెండు వారాలు ఆమె కొట్టని బంతి లేదు. ఈ వైపు ఒక కట్టుబాటుంది. చెయ్యి కలిసొచ్చిన పిల్ల ముందు ఆ మాట ఎత్తకూడదు. బాగా ఆడుతున్నావనకూడదు, ఎందుకు బాగా ఆడుతున్నావో చెప్పనూ కూడదు. నోటి దిష్టి తగులుతుంది. బ్యాటు పిడికి ఇంత కాటుక రాసి ఊరుకోవాలి. దామోదరూ కాటుక రాసి ఊరుకున్నాడు, కానీ ఆయన కళ్లు ఊరుకోలేదు. ఊళ్లో బంతి సరిగ్గా విసరగలిగింది బస్సు మెకానిక్కు గంగులయ్య ఒక్కడే. నెమ్మదిగా వచ్చే బంతి వేసేముందు అతని మోచేయి ఒంటికి అతుక్కుంటుంది, వేగంగా వచ్చే బంతికయితే పైకి లేస్తుంది. రేవతి కొడుతున్నది బంతిని చూసి కాదు, ఆ మోచేతిని చూసి. పాపం, ఆ సంగతి ఆ పిల్లకే తెలియదు. దామోదర్‌కు తెలిసింది. చెబితే ఉన్న ఆట కూడా చెడుతుందేమోనని చెప్పలేదు.

కుప్పం ఎంపికలో బంతి విసిరింది ముక్కూ మొహం తెలియని పిల్ల. రేవతికి ఒక్కటంటే ఒక్కటి తగల్లేదు. నర్సింగు సీటు వదులుకుని వెళ్లిన పిల్ల, ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఊరు కారణం వెతికింది, వెంటనే దొరికింది కూడా. ముందురోజు మేనత్త పాపక్క గోడ పక్కన నిలబడి, "అబ్బ, ఎంత బాగా కొడతాండావే నా బంగారూ!" అని పదిమందిలో అనేసింది కదా! ఇంకేం, ఆమె దిష్టే అన్నారు. దామోదర్ తలవంచుకుని విన్నాడు. నింద ఆమె మీద వాలితే తన మీద వాలదు. ఎంత సిగ్గుమాలిన పని!

"ఒక్కరోజు ఆగమ్మా," అన్నాడు మునిలక్ష్మమ్మతో.

శనివారం పొద్దున్నే జాహ్నవిని బస్సెక్కించి మదనపల్లె తీసుకెళ్లాడు. అక్కడొక ప్రైవేటు స్కూల్లో రేవతి ఆటల టీచరు. కుప్పం నుంచి వచ్చాక ఆమె బ్యాటు ముట్టలేదు, పట్టుబట్టి బంతి విసరడం నేర్చుకుంది. ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఆమెను మించిన చెయ్యి లేదు.

"ఈ పిల్లకు పది బంతులు వెయ్యమ్మా."

"యాల సార్, గంగులయ్యన్న లేడా ఆడ?" అంటూ నవ్వింది రేవతి.

"ఉండాడు. అందుకే నీ కాడికొచ్చినా."

రేవతి వేసింది. మొదటి నాలుగూ బ్యాటుకు అందకుండా పోయాయి. ఐదోది తగిలింది. మళ్లీ రెండు పోయాయి. ఎనిమిదోది తగిలింది, తొమ్మిదోది పోయింది, పదోది మాత్రం గోడ దాటింది. జాహ్నవి ముఖం చిన్నబోయింది.

ఇక్కడ కూడా దామోదర్ ఊరుకోవచ్చు. ఇంత కాటుక రాసి కుప్పం బస్సెక్కించవచ్చు. ఈసారి నోరు తెరిచాడు.

"జాహ్నవీ, మనూర్లో నువ్వు కొట్టేది గంగులయ్య మోచేయి సూసి. బంతిని సూసి కాదు. ఈడ కొట్టినావే మూడు, అవే నీయి. పదికి మూడు కొట్టేవాళ్లను ఈ ఆటలో మంచి ఆటగాళ్లంటారు. అయినా పది బంతుల్తో ఏం తేల్తాదమ్మా? నిలుస్తాదో లేదో నాకు తెలీదు. నాకు తెలిసిందంతా చెప్పేసినా. ఇంక నీ ఇష్టం."

జాహ్నవి బ్యాటును గోడకు ఆనించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కిందికి రానివ్వలేదు.

"ఉద్యోగంలో చేరతా సార్. ఆదివారం ఆదివారం ఈడికొచ్చి అక్క బంతులాడతా. కుప్పం వచ్చే ఏడు పోతాం. వేస్తావా అక్కా?"

దామోదర్‌కు పదకొండేళ్ల బరువు దిగినట్టయింది. రేవతి మాత్రం ఆ పిల్లను దాటుకుని ఆయన ముందుకొచ్చి నిలబడింది. ఆమె ఆయన్నే చూస్తోంది.

"సార్, ఈ మోచేయి సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "నువ్వాడేటప్పుడే."

"నేను కుప్పం పోకముందేనా?"

"ముందే."

"అయితే మా అత్త దిష్టి కాదా?"

"కాదమ్మా. నాకు తెలిసే నోరెత్తలేదు."

రేవతి చేతిలో బంతిని అటూ ఇటూ తిప్పింది. తర్వాత దాన్ని జాగ్రత్తగా నేలమీద పెట్టింది.

"పదకొండేండ్లు ఆమెతో మాట్లాడలేదు సార్. నా పెండ్లికి పిలవలేదు. పోయిన మాఘమాసంలో పోయినాది. కడసారి సూసేదానికి రమ్మని మనిషినంపితే, నేను పోలేదు." ముంజేత్తో కళ్లు తుడుచుకుంది. "ఆమె నన్ను మెచ్చుకునింది సార్. అంతేగదా ఆమె చేసింది."